సర్ ఆర్థర్ కాటన్ దొరగారును మన రైలుదారియు

గోదావరి మండలమున సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరెరుగని యిల్లు లేదు. ధవళేశ్వరము ఆనకట్టను కట్టించినది వారేయని పసిపిల్లలును చెప్పగలరు. కాలువగట్లమీదను, గ్రామముల కూడళ్లయందును వారి విగ్రహములు నిలిచియున్నవి. ఇట్టి ప్రసిద్ధ పురుషుని చరిత్రమును మరల వ్రాయుట యేలయని మా పాఠకులు ప్రశ్నింపవచ్చును. వారి జీవితములో మనవారు అంతగా చెప్పుకొనని భాగ మొకటి కలదు. అది రైలుదారిని గూర్చినది. మన దేశమున ఇనుప పట్టాలను మొట్టమొదట పరపించినవారు కాటన్ దొరగారే. పిమ్మట నలువది యేండ్లకు పైగ రైళ్లకు ప్రతికూలముగ వాదించినవారును వారే. తుదకు వారు కాలువలు త్రవ్వించిన సీమలోనికే రైలుదారి వచ్చి, గోదావరిని దాటిపోయెను. అది దాటిన చోట నున్నది మన కొవ్వూరు. కావున ఆ మహనీయుని జీవితమును ఈ యూరి స్టేషను దిక్కుగ నిలిచి చూచినయెడల కొన్ని క్రొత్త సంగతులు తెలియునని తలంచి యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

కాటన్ దొరగారు 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీని ఇంగ్లాండు దేశమున జన్మించిరి. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ గారు. ఆర్థర్ వారికి పదవ కుమారుడు. అంత పెద్ద సంసారమున బుట్టిన బాలునకు తాత తండ్రుల యాస్తిపై నాధారపడు అవకాశము తక్కువ. పదునైదవ యేట అడిస్కంబునందలి ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, 1819లో చెన్నపురి ఇంజనీర్ల దళమున ఉద్యోగమును సంపాదించి, 1821లో చెన్నపట్టణమున ఓడ దిగిరి. అప్పటికి వారి వయస్సు పదునెనిమిదేండ్లు. మన ఉన్నత పాఠశాలను విడిచి పై చదువులకు బోవు బాలుర వయస్సది. ఆ వయస్సుననే స్వదేశమును విడిచి, భాష తెలియని చోట, ఎండలకును జ్వరములకును ఓర్చి పనిచేయుటకు ఆయన సిద్ధపడిరి.

మొదటి యేండ్లలో రామేశ్వరము చెంతనున్న పాంబన్ జలసంధిని కొలిచి పరీక్షించు పని వారికి లభించెను. ఓడలు పోవుటకు వీలుగ దానిని లోతు చేయవచ్చునా యనునది అక్కడి ప్రశ్న. 1824లో బర్మా యుద్ధము రాగా అందును పాల్గొనిరి. అటుపిమ్మట తంజావూరు సీమకు పంపబడిరి. కావేరి నీరంతయు కొల్లిడము పాయలోనికి జారిపోవుచు తంజావూరు పొలములు బీడువడుచుండిన కాలమది. కాటన్ దొరగారు 1836లో కొల్లిడముపై రెండు ఆనకట్టలు కట్టించి ఆ సీమను కాపాడిరి. చోళరాజుల నాటి కల్లణను జాగ్రత్తగ పరిశీలించి, లోతైన యిసుకలో పునాది నిలుపు విద్యను పూర్వుల పనినుండియే నేర్చుకొంటినని వారెన్నడును దాచుకొనలేదు. పరదేశమున పాలకులుగ వచ్చినవారిలో ఇట్టి వినయము సామాన్యమైనది కాదు.

ఇప్పుడు మన కథకు ముఖ్యమైన సంగతి. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1837లో, చెన్నపట్టణపు బాటలు వేయుటకు ఎర్రరాయి కావలసివచ్చెను. ఆ రాయి పట్టణమునకు వాయవ్యముననున్న రెడ్ హిల్స్ అను చోట దొరకును. ఎడ్లబండ్లమీద తెచ్చినచో ఖర్చు హెచ్చు. అందువలన కాటన్ దొరగారు రెడ్ హిల్స్ మొదలు చింతాద్రిపేట వంతెనవరకు ఇనుప పట్టాలు వేయించి, వానిపై రాతిబండ్లను నడిపించిరి. ఆవిరి యంత్రమును సైతము దానిపై ప్రయోగించిరి. భారతదేశమున మొదటి రైలుదారి యిదేయని చరిత్రకారులు చెప్పుదురు. బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచినది 1853లో; ఈ రాతిబండ్ల దారి అంతకు పదునారేండ్లు ముందటిది. రైళ్లకు శత్రువని పిమ్మట పేరుపొందిన వ్యక్తియే ఆ విద్యకు మన దేశమున ఆద్యుడగుట వింతగ దోచవచ్చును. కాని ఆయన దృష్టిలో ఇనుప పట్టా ఒక పనిముట్టు మాత్రమే. పార, గునపము ఎట్టివో అదియు నట్టిదే. పనికి తగినచోట దానిని వాడిరి. తగదని తోచినచోట వలదనిరి.

తంజావూరు ఎండలలో శ్రమపడి ఆరోగ్యము చెడగా, విశ్రాంతికై దక్షిణ సముద్రములలోని టాస్మానియా ద్వీపమునకు బోయిరి. 1841లో అక్కడనే ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడిరి. తిరిగివచ్చిన పిమ్మట కొలదికాలము విశాఖపట్టణమున పనిచేసి, 1844లో రాజమహేంద్రవరమునకు వచ్చిరి.

ఆనాటి గోదావరి మండలపు స్థితిని ఇప్పటి బాలురు ఊహించుటయే కష్టము. 1832, 1833 సంవత్సరముల కరువున జనులు వేలకు వేలు మరణించిరి. మిగిలినవారిలో చాలమంది ఊళ్లు విడిచి వలసపోయిరి. 1839లో గొప్ప గాలివాన కోరంగి తీరమును ముంచెత్తెను. 1821లో ఏడు లక్షల ముప్పది యెనిమిది వేలుగ నున్న మండల జనసంఖ్య 1841 నాటికి అయిదు లక్షల అరువది యొక వేలకు దిగిపోయెను. దక్షిణ భారతమున మిక్కిలి పెద్ద నది ఊరి ముంగిట ప్రవహించుచుండగా ఊరివారు అన్నము లేక చచ్చుట కాటన్ దొరగారి మనస్సును కలచివైచెను. వరద నీరు సముద్రము పాలగుచుండుటయు, ఆ ప్రక్కనే పొలములు బీటలువారుటయు వారు కన్నులార జూచిరి. ఆ సంవత్సరమును, ఆ మరుసటి సంవత్సరమును ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసి, ధవళేశ్వరమువద్ద నదికడ్డముగ ఆనకట్ట కట్టుట సాధ్యమని నిరూపించిరి.

1847లో పని ప్రారంభమయ్యెను, 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగ, నడుమ లంకలను కలుపుకొని, సుమారు రెండుంబావు మైళ్ల రాతికట్టడము నదిలో నిలిచెను. దీనికి వలసిన రాయి ధవళేశ్వరపు కొండనుండియే దొరకెను. ఆ రాతిని కొండనుండి నదికి చేర్చుటకు కాటన్ దొరగారు మరల ఇనుప పట్టాలనే వేయించిరి. గోదావరి సీమ చూచిన మొదటి రైలుదారి యిదియే. అనగా ఈ డెల్టాకు నీటిని తెచ్చిన రాయి పట్టాలమీదుగనే వచ్చెనన్నమాట. ఈ సంగతిని మా పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ మహాకార్యమున కాటన్ దొరగారికి కుడిభుజముగ నిలిచినవాడు మన తెలుగువాడగు వీణం వీరన్నగారు. పనివారిని కూర్చుట, వారిని నిలుపుట, లెక్కలు చూచుట మొదలగు పనులు ఆయన చేతిమీదుగ సాగెను. వేలకొలది కూలీలు సంవత్సరములతరబడి నదీగర్భమున పనిచేసిరి. వారిలో ననేకుల పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు. కాటన్ దొరగారు గాఢమైన దైవభక్తి గలవారు. 1836లో ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చి నరసాపురమున సువార్తపని నారంభించిన విలియం బౌడెన్, జార్జి బీరు గార్ల సేవకు ఆయన స్నేహితులై తోడ్పడిరి. ఆనకట్ట పని జరుగు దినములలో ధవళేశ్వరమున కూడిన పనివారి నడుమ బౌడెన్ గారు సువార్తను ప్రకటించిరి. మన మిషను పనికిని ఈ నదికిని గల బాంధవ్యము ఇంత పాతది.

ఆనకట్టవలన మన కొవ్వూరునకు కలిగిన మేలు కొంచెము వేరు విధమైనది. మన యూరు ఆనకట్టకు ఎగువనున్నది; పడమటి కాలువ మనకు దిగువనున్న విజ్జేశ్వరమున పుట్టును. అయినను ఆనకట్ట నిలిపిన నీరు వెనుకకు తన్ని మన గోష్పాద క్షేత్రపు మెట్లను వేసవిలో సైతము తడుపుచుండును. పూర్వమట్లు వేసవిలో ఇసుకతిన్నెలు తప్ప మరేమియు కనబడని నది కాదిది. కాటన్ దొరగారి పని నిత్యము మన కన్నులయెదుట నున్నదనుట అతిశయోక్తి కాదు.

కాలువలను కాటన్ దొరగారు పొలములకొరకు మాత్రమే త్రవ్వింపలేదు. అవి బాటలుగకూడ నుండవలెనని వారి సంకల్పము. అందుకే పెద్ద కాలువలను పడవలు పోవునంత వెడల్పుగను లోతుగను ఉంచి, నీటిమట్టము మారుచోట లాకులు కట్టించి, గట్లమీద పడవను త్రాటితో లాగువారు నడచుటకు దారి విడిపించిరి. విజ్జేశ్వరమువద్ద లాకులో ప్రవేశించిన పడవ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగ ఏలూరు చేరును. ఏలూరున గోదావరి కాలువయు కృష్ణ కాలువయు కలియును. అక్కడనుండి బెజవాడకును, కృష్ణ దాటి, తీరమువెంటనున్న బకింగ్‌హాం కాలువ మీదుగ చెన్నపట్టణమువరకును పడవపోవుటకు పిమ్మటి కాలమున వీలుకలిగెను. ధాన్యము, బెల్లము, ఉప్పు, కలప, మనుష్యులు, అన్నియు ఈ నీటిబాటపైననే సాగెను. ఒకే నీరు దారిపొడవునను పైరును పండించును. పండిన పంటను తానే మోసికొనిపోవును. కాటన్ దొరగారి సిద్ధాంతమున కిదియే ప్రాణము.

ఇంతలో రైళ్ల యుగము వచ్చెను. 1853లో బొంబాయియందును, 1856లో చెన్నపట్టణమునందును ప్రయాణికుల రైళ్లు ప్రారంభమాయెను. లండనునందలి ధనికులు తమ సొమ్మును భారతదేశపు రైళ్లలో పెట్టిరి. దానిపై నిర్ణీతమైన వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము హామీయిచ్చెను. నష్టమువచ్చినచో ఆ వడ్డీ ఈ దేశపు రైతులు కట్టు పన్నులనుండియే చెల్లవలెను. కాటన్ దొరగారు 1854లో భారతదేశపు నిర్మాణ కార్యములను గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, ఈ విధానమును తీవ్రముగ విమర్శించిరి. వారి వాదమును మా మాటలలో నిట్లు చెప్పవచ్చును. బీదదేశమునకు కావలసినది వేగము కాదు, చౌక. ధాన్యమువంటి బరువైన సరుకు రెండు దినములు ఆలస్యముగ చేరిన నష్టములేదు. కూలి హెచ్చయినచో మాత్రము అది చేరనే చేరదు. రైలు ఉన్న అన్నమును ఒకచోటినుండి వేరొకచోటికి మోయగలదు గాని, లేని అన్నమును పుట్టింపజాలదు. కాలువ ఈ రెండు పనులను చేయగలదు.

ఆయన 1860లో ఉద్యోగమునుండి విరమించి స్వదేశమునకు బోయిరి. 1861లో సర్ బిరుదమును పొందిరి. అయినను వారు విశ్రమింపలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతమును పాడుచేసిన మహాక్షామము వారి వాదమునకు క్రొత్త బలమునిచ్చెను. రైళ్లున్న జిల్లాలలోకూడ లక్షలకొలది జనులు చనిపోయిరి. రైలు ధాన్యమును స్టేషనువరకు తెచ్చినను, దానిని కొనుటకు బీదల చేతిలో కాసు లేకుండెను. గోదావరి డెల్టా మాత్రము అప్పుడు తాను తినుటయే గాక ఇతరులకుకూడ అన్నము పెట్టెను. 1878లో ఇంగ్లాండు పార్లమెంటువారు ఈ విషయమును విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. డెబ్బదియైదేండ్ల వృద్ధుడగు కాటన్ దొరగారు ఆ సంఘమునెదుట నిలిచి, దేశమంతటను కాలువలు త్రవ్వింపవలసినదని వాదించిరి. ఆ సంఘము వారి మాటను అంగీకరింపలేదు. నీటిపనులకంటె రైళ్లకే ప్రభుత్వము ఎన్నో రెట్లు హెచ్చుగ వ్యయపరచుచు వచ్చెను.

ఆ సంఘమువారి నిరాకరణకు కారణములు లేకపోలేదు. ఇది దాచుట చరిత్రకారునకు తగదు. కాటన్ దొరగారి జలమార్గములన్నియు గోదావరి డెల్టావలె ఫలింపలేదు. ఎగువ గోదావరిలో దుమ్ముగూడెము మొదలగు చోట్ల రాతిగుట్టలను దాటించి, మధ్య పరగణాలవరకు ఆవిరిపడవలను నడుపవలెనను పథకముపై చాల ధనము వ్యయమైన పిమ్మట 1871లో దానిని విడిచిపెట్టవలసివచ్చెను. కర్నూలు, కడప కాలువను త్రవ్వించిన కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. సమతలమైన డెల్టాలో చెల్లిన విధానము మెట్టసీమలలోను, రాతినేలలలోను చెల్లదని అనుభవము తెలిపెను. ఒక చోట కన్నులార చూచిన జయమును దేశమంతటికి వర్తింపజేయుట గొప్పవారికిని కలుగు భ్రమ.

ఇక రైలుదారి గోదావరికి వచ్చిన వృత్తాంతము. 1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకమువరకు ఈస్టుకోస్టు స్టేటు రైల్వే నిర్మింపబడి భాగములుగ తెరువబడెను. బెజవాడనుండి వచ్చు దారి ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెము, నిడదవోలు మీదుగ చాగల్లు, పసివేదల దాటి కొవ్వూరు గట్టున ఆగెను. అవతలి దారి రాజమహేంద్రవరమునుండి కడియము, ద్వారపూడి, అనపర్తి, సామర్లకోటల వైపు సాగెను. నడుమ నది. పడమటి దారి చాలవరకు ఏలూరు కాలువకు దాపుననే పోవుట గమనింపదగినది. సమతలము, ఊళ్లు, పంట, సంత, అన్నియు ఆ కాలువవెంట ముందే యేర్పడియుండుటచే రైలుకూడ ఆ జాడనే వెదకికొనెను. కాటన్ దొరగారి కాలువ ముందు నడచి దారి చూపెను. వారు వలదన్న రైలు వెనుక వచ్చి ఆ దారినే పట్టెను.

స్టేషను అనగా టిక్కట్లమ్ము యిల్లు మాత్రమే యని మన బాలురు తలంతురు. నిజమునకు రైలును నిలుపుట, మళ్లించుట, ఎక్కించుట, దించుట యను నాలుగు పనులకు తగిన అమరికయే స్టేషను. ఆ యమరిక నేలనుబట్టియు, దారినిబట్టియు మారుచుండును. వంతెన లేని దినములలో నది దాటవలసిన ప్రయాణికుడు ఈ గట్టున దిగి, సామాను తీయించుకొని, రేవునకు బోయి, పడవయెక్కి, అవతలి గట్టున మరల రైలు పట్టుకొనవలసియుండెను. సరుకుదికూడ నదే గతి. అట్టి స్టేషనునకు దారియొక్క చివర నదియే. దాని ముఖ్యమైన వాకిలి రేవువైపునకే యుండును. ఆ కొలది సంవత్సరములు రైలును పడవయు ఒండొంటికి శత్రువులుగ గాక చేతులు కలిపి పనిచేసినవి. ఒకటి లేక రెండవది సాగలేదు.

1897 నవంబరు 11వ తేదీని నదిపై వంతెన పని ప్రారంభింపబడెను. ప్రధాన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ గారు. కాశీలో గంగపై 1887లో డఫరిన్ వంతెనను ముగించిన యనుభవశాలి ఆయన. ఇసుకలో లోతుగ పునాదులు దింపి, వానిపై రాతిస్తంభములు లేపి, స్తంభమునుండి స్తంభమునకు ఇనుప దూలములు పరపిరి. నూటయేబది యడుగుల కానాలు 56. మొత్తము పొడవు 2,754 మీటర్లు. ఇసుకనదిలో పునాది నిలుచునా యను సందేహమును యేబదియేండ్లకు పూర్వమే ధవళేశ్వరమున తీర్చినవారు కాటన్ దొరగారు. ఈ నదికి బెదరనక్కరలేదని ఇంజనీర్లకు ధైర్యము చెప్పినది ఆ యానకట్టయే.

వంతెన కట్టుచున్న దినములలో కాటన్ దొరగారు ఇంగ్లాండున డార్కింగు అను చిన్న పట్టణమున తొంబదియేండ్లు పైబడిన వృద్ధులై యుండిరి. అప్పటికిని వారి చేతులు ఊరకుండలేదు. తోటలో నేలను లోతుగ త్రవ్వి గోధుమను పండించి, తక్కువ భూమిలో ఎక్కువ ధాన్యమెట్లు పండునో పరీక్షించుచుండిరి. 1899 జూలై 24వ తేదీని, తొంబదియారవ యేట, ప్రశాంతముగ దేహమును చాలించిరి. ఆ యేడే బెజవాడ, చెన్నపట్టణముల నడుమ రైలుదారి పూర్తియయ్యెను. మరుసటి సంవత్సరము, 1900 ఆగష్టు 6వ తేదీని, మొదటి రైలు గోదావరిని దాటెను. ఆ నెల 30వ తేదీని వంతెన ప్రజోపయోగమునకై తెరువబడి, నాటి చెన్నపురి గవర్నరు హేవలాక్ ప్రభువు పేరు పొందెను. దొరగారి మరణమునకును రైలు నది దాటుటకును నడుమ ఒక్క సంవత్సరముపై పదుమూడు దినములు మాత్రమే గడచెను. రైళ్లతో జీవితమంతయు వాదించిన వృద్ధుడు తన నదిమీద రైలు పోవుట చూడకయే కన్నుమూసిరి.

వంతెన రాగానే స్టేషను స్వభావము మారిపోయెను. అంతవరకు దారి చివరగ నున్నది అప్పటినుండి నదికి ద్వారమయ్యెను. వంతెనపై ఒక్కటే దారి; ఒక రైలు దానిపై నుండగా ఎదుటి రైలు అవతలి గట్టున ఆగియుండవలసినదే. ఒంటిదారిపై స్టేషను మాస్టరు అనుమతి చిహ్నమును అందింపనిదే డ్రైవరు రైలును ముందుకు నడుపగూడదు. కావున ఇట్టి గట్టు స్టేషనులో ముఖ్యదారికి ప్రక్కన రైళ్లు నిలిచి వేచియుండు లూపు లైనులు, దారిని మార్చు పాయింట్లు, ఇరువైపుల సిగ్నళ్లు అత్యవసరము. అవతలి గట్టున నదికి సమీపముననున్న గోదావరి స్టేషను మన స్టేషనునకు జోడు. రాజమహేంద్రవరపు పెద్ద స్టేషను ఊరిలోనికి ఇంకను ముందుకున్నది. పుష్కరముల కాలమున ఈ మూడు స్టేషనులును జనసముద్రములై పోవుట మన పెద్దలెరిగినదే.

1974లో రెండవ వంతెన వచ్చెను. దాని క్రింది యంతస్తున రైలు, పై యంతస్తున బస్సులును బండ్లును పోవును. నదిపై రెండవ దారి యేర్పడుటచే రైళ్లు వేచియుండు బాధ తగ్గెను. 1997లో విల్లువలె వంగిన కాంక్రీటు కమానుల వంతెన ముగియగా, నూరేండ్లకు చేరువగ సేవచేసిన హేవలాకు వంతెన విశ్రాంతి పొందెను. ఇప్పుడు మన స్టేషను దాటగనే రెండు దారులు విడిపోయి, చెరియొక వంతెనపై నదిని దాటి, అవతలి గట్టున మరల దగ్గరకు వచ్చును. స్టేషనునుండి నదివైపు చూచినచో ఈ యమరిక యంతయు నదివలననే యేర్పడెనని తెలియును. యాజమాన్యముమాత్రము పలుమార్లు మారెను. ఈస్టుకోస్టు రైల్వేనుండి మద్రాసు రైల్వేకును, 1908లో మద్రాసు దక్షిణ మరాఠా రైల్వేకును, 1951లో దక్షిణ రైల్వేకును, 1966లో దక్షిణమధ్య రైల్వేకును ఈ దారి చేతులు మారెను.

ఇక తీర్పు. ఈ వాదమున నెవరు గెలిచిరి? ప్రయాణము విషయమున రైలే గెలిచెను. కాలువలు ఏటేట మరమ్మతులకై కట్టివేయబడును. లాకు లాకుకును పడవ ఆగవలెను. మెట్టనేలకు పడవ ఎక్కదు. రైలు వచ్చిన పిమ్మట క్రమముగ ఏలూరు కాలువలో చాపపడవలు తగ్గిపోయెను. లారీలు వచ్చిన పిమ్మట దాదాపు కనబడకయే పోయెను. పడవలు లాగి బ్రతికినవారు వేరు పనులు వెదకికొనవలసినవారైరి. వారి కష్టమును గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ నష్టమును మనము లెక్కలోనికి తీసికొనవలెను.

అన్నము విషయమున మాత్రము కాటన్ దొరగారే గెలిచిరి. 1841లో అయిదు లక్షల అరువది యొక వేలుగ నున్న గోదావరి జిల్లా జనసంఖ్య, నడుమ హద్దులు మారిన మాట నిజమేయైనను, 1891 నాటికి ఇరువది లక్షలు దాటెను. అప్పటికి రైలు ఈ నదిని చేరనేలేదు. నిడదవోలునను, తాడేపల్లిగూడెమునను రైళ్లకెక్కిన ధాన్యము కాటన్ దొరగారి నీటితో పండినదే. నీరు లేకున్నచో ఆ గూడ్సు పెట్టెలు ఖాళీగ నిలిచియుండెడివి. రైలు వలదనుటలో ఆయన పొరబడిరి. నీరు ముందు, రైలు పిమ్మట యను క్రమమును పట్టుటలో పొరబడలేదు. ముందు పండించి పిమ్మట మోయించిన సీమ యిది. కావుననే యిక్కడ కాలువయు రైలును రెండును లాభించెను. ముందు రైలువేసి నీటిని మరచిన సీమలలో మహాక్షామపు దినములలో స్టేషను ముంగిటనే జనులు చచ్చిరి.

మన విద్యార్థులు ఈ చరిత్రమునుండి నేర్వవలసినది గొప్పవానిని పూజించుట మాత్రమే కాదు. గొప్పవాని మాటలలో ఏది నిలిచెను, ఏది నిలువలేదు, ఎందుచేత నిలువలేదు అని విచారించుటయు గౌరవములోని భాగమే. కాటన్ దొరగారు స్వయముగ చోళుల కల్లణను అట్లే పరీక్షించిరి. విగ్రహము మెడలో దండవేయుట సులభము. విజ్జేశ్వరమునకు బోయి లాకును చూచి, తిరిగివచ్చి స్టేషనులో నిలిచి రెండు వంతెనల దారులు విడిపోవుటను చూచి, ఈ రెండింటిని కట్టినవారి యుద్దేశమేమని ఆలోచించుట కొంచెము కష్టము. ఆ కష్టమును మా పాఠశాల బాలబాలికలు ఈ సెలవులలో పడుదురుగాక. ఉపాధ్యాయులును తల్లిదండ్రులును వారిని చేయిపట్టి తీసికొనిపోవలెనని మా మనవి.